నాలుగో తొట్టి మార్చ్‌లో ఆగే చోటు

వోరోకి ముందు పళ్ళు ఊడిన రోజునే బ్యాండు కూడా ఊడింది.

దుప్పట్ల ఫ్యాక్టరీలో రంగులద్దే గదిలో అతని పని. తడిసిన దుప్పట్లు మోసే బండి ఇనప కడ్డీ ఒకటి జారి మూతి మీద తగిలింది. డాక్టరు కొత్త పళ్ళు పెట్టాడు. అవి రొట్టె కొరకడానికి పనికొచ్చాయి గానీ బొంబార్డినో ఊదడానికి పనికిరాలేదు. బొంబార్డినో అంటే చంటిపిల్లాడిలా ఒళ్ళో పట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి బూర. పెదవి పళ్ళకి ఆనించి బిగిస్తేనే పలుకుతుంది. కట్టుడు పళ్ళు ఆ బిగువుకి కదిలిపోతాయి, పక్కనించి గాలి తుస్సుమంటుంది. కొన్నాళ్ళు తంటాలు పడి, ఒక ఆదివారం బూరని పెట్టెలో పెట్టి బ్యాండు హాల్లో అప్పజెప్పి వచ్చేశాడు.

వాళ్ళ ఊరు బెనిరాసెట్‌లో బడి మానేసిన వాళ్ళకి కొదవ లేదు. వోరో కూడా పద్నాలుగో ఏట మానేసి ఫ్యాక్టరీలో చేరినవాడే. బ్యాండు మానేసిన వాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. ఆ ఆగస్టులో పండగ వచ్చినప్పుడు అతను మొదటిసారి రోడ్డు పక్కన మడత కుర్చీలో కూర్చుని ప్రవేశం చూశాడు. ఊరు సగం ఒకప్పుడు ఆ నేలనేలిన ముస్లింలైన మూర్లు, సగం క్రైస్తవులు అయిపోయి, వాళ్ళ పాత యుద్ధాన్ని మళ్ళీ ఆడటానికి ఊళ్ళోకి నడిచొచ్చే సాయంత్రం అది. ఒక్కో దండు వెనక ఒక్కో బ్యాండు మార్చ్, అంటే నడకకి కట్టిన పాట, వాయిస్తూ పోతోంది. పక్కన కూర్చున్న భార్య రెమెయ్ వేరుశెనగలు వలిచి అతని చేతిలో పెడుతోంది. అతను తినలేదు. తన బ్యాండు ముందునించి పోయేటప్పుడు లేచి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ చలికాలంలో కంప్యూటర్ కొన్నాడు. దాంతోపాటు వాయిద్యాలు కొన్నాడు. చేత్తో పట్టుకునేవి కావు. ఎక్కడో చలిదేశంలో ఒక పెద్ద హాల్లో మంచి మంచి కళాకారుల్ని కూర్చోబెట్టి, ఒక్కో స్వరం వాయించి, రికార్డు చేసి అమ్ముతారు. ఇక్కడ వోరో కీబోర్డు మీద ఒక మీట నొక్కితే అక్కడి వయొలిన్లన్నీ ఒక్కసారిగా పలుకుతాయి. మీట వదిలేసినా స్వరం చప్పున ఆగదు. ఆ హాలు గోడల మధ్య తిరిగి తిరిగి మెల్లగా ఆరిపోతుంది. మొదటిరోజు వోరో ఒకే మీట నొక్కుతూ, వదులుతూ, ఆ ఆరిపోవడాన్నే వింటూ కూర్చున్నాడు. మూతి పోయాక అతనికి దొరికిన మొదటి సుఖం అది.

పొద్దున షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చి, తిని, ఊరంతా కిటికీలు మూసుకుని కునుకు తీసే వేళ అతను హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాడు. నాలుగేళ్ళు అలాగే గడిచాయి. వయొలిన్లు, సెల్లోలు, హార్న్‌లు, టింపనీలనే పెద్ద నగారాలు. బతుకులో ఎప్పుడూ దగ్గరకి పోని వాయిద్యాలన్నీ చెప్పిన మాట వింటున్నాయి. ఒక పెద్ద మార్చ్ కట్టాడు. దాని మొదటి పల్లవి నాలుగో నంబరు రంగు తొట్టి దగ్గర, ఆవిరిలో నిలబడి ఉండగా తట్టింది. అందుకని దానికి 'నాలుగో తొట్టి' అని పేరు పెట్టాడు.

ఆ ఏడాది పండగలో మూర్ల సేనని నడిపే కెప్టెన్ పదవి నీలిపాగాల దండు వంతుకొచ్చింది. మళ్ళీ వాళ్ళ వంతు వచ్చేసరికి ఇప్పటివాళ్ళలో సగంమంది ఉండరు. వంతు వచ్చిన దండు కొత్త మార్చ్ రాయించుకోవాలి, కెప్టెన్ ముందుండే వరస దానికే నడవాలి. అది ఆనవాయితీ. దండు పెద్ద కెలో. అతనికి మాంసం కొట్టు ఉంది. వోరోతో చిన్నప్పటినించీ ఒకే బెంచీ.

"నీ దగ్గరేదో ఉందంట కదరా. శుక్రవారం భోజనాలకి పట్టుకురా" అన్నాడు కెలో, కొట్టు గుమ్మంలో ఆపి. "బాగుంటే అదే మా మార్చ్. బాగాలేకపోతే భోజనం ఖర్చు నీది."

వోరో ఆ మాట ఇంటికి మోసుకొచ్చి రెమెయ్‌కి చెప్పలేదు. చెప్తే జరగదేమోనని భయం. వీధిలో ఒక్కసారైనా జనం అడుగులెయ్యని మార్చ్‌ని బెనిరాసెట్‌లో ఎవరూ మార్చ్ అనరు. నడిస్తే మాత్రం, ఊదలేకపోయినా అతను బ్యాండు మనిషే.

శుక్రవారం దండువాళ్ళు కలుసుకునే ఇంట్లో చిక్కుళ్ళ కూర, రొట్టె అయ్యాక కాఫీ కలిపిన సారాలో నిమ్మరసం కలుపుకుని అందరూ వెనక్కి వాలారు. వోరో రెండు స్పీకర్లు బల్ల మీద పెట్టాడు.

"కడుపులు నిండాయి. ఇప్పుడు చెడ్డదైనా తట్టుకుంటాం, పెట్టు" అన్నాడు కెలో.

పెట్టాడు. మొదట టింపనీలు, తర్వాత లోగొంతు హార్న్‌లు, వాటి మీదికి వయొలిన్లు. మధ్యలో ఒకచోట మొత్తం వాద్యం ఒక్కసారి పైకి లేచి టక్కున ఆగిపోతుంది. అక్కడ వోరో నాలుగు అడుగుల సేపు ఏమీ రాయలేదు. ఆ ఖాళీలో ముందు వాయించినదంతా హాలంతా తిరిగి, ఆరిపోయి, ఇక వినపడదనుకునే సమయానికి ఒంటరి క్లారినెట్ ఒకటి మొదలవుతుంది. భోజనాల గదిలో గ్లాసు చప్పుడు లేదు. పాట అయ్యాక కెలో ముక్కు తుడుచుకున్నాడు.

"ఆ ఆగే చోటుందే" అన్నాడు, "అక్కడ నా గుండె కూడా ఆగిందిరా."

అందరూ ఆ ఆగే చోటు గురించే మాట్లాడారు. బ్యాండు మాస్టరు ఎంపార్ కూడా అక్కడే ఉంది. ముప్ఫై దాటిన మనిషి. చిన్నప్పుడు వోరో పక్కన కూర్చునే క్లారినెట్ నేర్చుకుంది. ఆమె మాత్రం స్పీకర్లని చూసి అడిగింది.

"వోరో మామా, ఈ వయొలిన్లు వీధిలో ఎవరు వాయిస్తారు?"

"క్లారినెట్లకి ఇస్తా. హార్న్‌లవి బూరలకి ఇస్తా. బ్యాండుకి తగ్గట్టు మార్చే పని నాది."

"ఆ ఆగే చోటు?"

"అది ఆగే చోటే. దాంట్లో మార్చడానికేముంది."

ఎంపార్ ఇంకేదో అనబోయింది. కెలో అప్పటికే లేచి వోరో భుజం చుట్టూ చెయ్యేసి పాడుతున్నాడు, శ్రుతి లేకుండా.

జూన్ అంతా వోరో మార్చడంలోనే ఉన్నాడు. అనుకున్నంత తేలిక కాలేదు. వయొలిన్లు ఎంతసేపైనా సాగుతాయి, క్లారినెట్ వాళ్ళకి ఊపిరి కావాలి. కంప్యూటర్‌లో హార్న్‌లు ఎన్నంటే అన్ని, బ్యాండులో ఉన్నవి రెండు, అందులో ఒకడు ఎప్పుడూ ఆలస్యం. ఒక్కో గీత రాసి, మళ్ళీ కంప్యూటర్‌లోని క్లారినెట్లతోనే వాయించి చూసుకునేవాడు. ఆ హాల్లో అవి కూడా దివ్యంగానే వినపడేవి.

"నీ మొహం చూస్తే ఎవరో బాకీ ఎగ్గొట్టినట్టుంది" అనేది రెమెయ్. "సరదాకి మొదలుపెట్టావు కదా ఇది."

"సరదాగానే ఉంది."

"అవునవును. నిన్న నిద్రలో క్లారినెట్‌ని తిట్టావు."

బ్యాండు హాల్లో కూర్చుని వాయించిన మొదటిసారి క్లారినెట్ అమ్మాయిలు గొణిగారు. ఊపిరి తీసుకునే చోటేదీ అని ఒకమ్మాయి అడిగితే, ముప్ఫై ఏళ్ళు అదే మాట తను అరిచిన సంగతి గుర్తొచ్చి వోరో చెవులు కాలాయి. నోరు మూసుకుని సరిచేసి తెచ్చాడు. ఆగే చోటు మాత్రం అక్కడ పరవాలేదనిపించింది. ఎంపార్ చెయ్యి పైకెత్తి పట్టుకుంది, అందరూ ఆమె చేతినే చూస్తూ ఉన్నారు, దించింది, క్లారినెట్ మొదలైంది. వోరో గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నాడు. ఏదో వెలితి ఉంది. గది చిన్నది కదా, వీధిలో బాగుంటుందిలే అనుకున్నాడు.

నడిచి చూసే రోజు జూలై చివర్లో వచ్చింది. ఫ్యాక్టరీ వెనక లారీలు ఆగే మైదానంలో నీలిపాగాల వాళ్ళు పదకొండుమంది భుజానికి భుజం కలిపి, చేతులు పెనవేసి వరస కట్టారు. ముందు కెలో, కత్తికి బదులు చీపురు కర్రతో. వెనక బ్యాండు. ఆ వరస ఒకే ఒంటిలా ఎడమకి, కుడికి ఊగుతూ మెల్లగా రావాలి. అడుగులన్నీ పెద్ద డోలు దెబ్బ మీద పడాలి. డోలు వాయించేది రఫేల్. ఊళ్ళో ప్లంబరు, వోరో కంటే రెండేళ్ళు పెద్ద.

మొదలైంది. కెలో చీపురు కర్ర తిప్పుతూ వస్తున్నాడు, వెనక వరస ఊగుతోంది. పాట పైకి లేచింది. ఆగింది.

ఏమీ లేదు. హాలు లేదు, గోడలు లేవు, తిరిగే ధ్వని లేదు. కత్తెరతో కోసేసినట్టు అంతా పోయింది. దూరంగా ఎవరిదో మోటార్‌సైకిల్ వినపడింది. వరసలో కొందరు కాలు గాల్లో పెట్టి ఆగిపోయారు, కొందరు అలవాటుగా అడుగేసేశారు. చేతులు పెనవేసుకుని ఉండటంతో వరస మధ్యలో విరిగి, చివరివాడు తూలి రఫేల్ డోలు మీద పడ్డాడు. ఇదేమీ చూడని కెలో చీపురు ఊపుకుంటూ ఒక్కడే ముందుకి పోతూనే ఉన్నాడు. మైదానం అంచున బల్ల మీద కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఒంటరి క్లారినెట్ మొదలై, సిగ్గుపడి ఆగిపోయింది.

"మళ్ళీ" అన్నాడు వోరో.

మళ్ళీ అంతే. మూడోసారి వరసలో ఒకడు ఆగే చోటు కోసం ముందే భయపడి, రెండడుగుల ముందే ఆగిపోయాడు.

రఫేల్ డోలు దించి చెమట తుడుచుకున్నాడు. "ఆ ఖాళీలో నేను మెత్తగా నాలుగు దెబ్బలేస్తాను. కాళ్ళకి ఏదో ఒకటి ఉండాలి కదా."

"అది ఖాళీ" అన్నాడు వోరో.

"ఖాళీ కాబట్టే పడిపోతున్నారు."

"నాలుగేళ్ళు కూర్చుని కట్టిన దాంట్లో నువ్వు చెయ్యి పెట్టకు రఫేల్. అక్కడ అందరి గుండె ఆగింది, తెలుసా. నీ డోలుకి కాదు, నిశ్శబ్దానికి. ఊపిరి పట్టడం చేతకాని వాళ్ళకే డోలు ఇస్తారు, దానికి తగ్గట్టే మాట్లాడుతున్నావు."

ఆ మాట బ్యాండులో అందరూ అనుకునేదే, మొహం మీద ఎవరూ అనరు. రఫేల్ డోలు కర్ర తెచ్చి వోరో చేతిలో పెట్టాడు.

"అయితే నీ నిశ్శబ్దం నువ్వే కొట్టుకో. నేను ఇత్తడి తాళాలు పట్టుకుంటా."

కెలో వెనక్కి వచ్చాడు, రొప్పుతూ. వరస చెదిరిన సంగతి విని తల గోక్కున్నాడు. "చూడరా, నాకు నువ్వంటే ప్రాణమే. కానీ ఊరందరి ముందూ నా వరస కోళ్ళ మందలా చెదిరిపోతే నేను మళ్ళీ కొట్టు తెరవలేను. ఆదివారంలోగా సరిచేస్తే సరే. లేకపోతే మా నాన్న నడిచిన పాత మార్చే పెట్టుకుంటాం."

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఆగే చోటు ఎప్పటిలాగే దివ్యంగా ఉంది. అదే అతనికి ఒళ్ళు మండించింది. వెతికి వెతికి ఆ హాలు ధ్వనిని తీసేసే బొత్తం ఒకటి కనిపెట్టి నొక్కాడు. నాలుగేళ్ళుగా అక్కడే ఉంది అది, ఎప్పుడూ ముట్టుకోలేదు. మార్చ్ మొదటినించీ పెట్టాడు.

బట్టలు తీసేసిన మనిషిలా వచ్చింది పాట. టింపనీలు రేకు డబ్బాల్లా, వయొలిన్లు దోమల్లా. హార్న్‌ల దగ్గర తను గొప్పగా అల్లాననుకున్న చోట రెండు స్వరాలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నిలబడి ఉన్నాయి. ఆగే చోట ఒట్టి ఆగడమే. తను రాసింది సగమే. మిగతా సగం ఎవరిదో చలిదేశపు హాలు రాసింది. ఆ శుక్రవారం కెలో ముక్కు తుడుచుకున్నది ఆ గోడల మోతకే.

"భోజనానికి రా" అంది రెమెయ్ గుమ్మంలోంచి.

"ఇది బాగాలేదు."

"ఏది?"

"అంతా."

ఆమె వచ్చి ఒక హెడ్‌ఫోను చెవికి ఆనించుకుని కాసేపు వింది. "మొదట్లో ఆ ముక్క బాగుంది, లా లా లీ అని. ఫ్యాక్టరీనించి వచ్చినరోజు స్నానం చేస్తూ పాడావు చూడు, అది."

"అదొక్కటేనా?"

"నాకేం తెలుసు. నన్నెందుకు అడుగుతావు మరి. కూర చల్లారిపోతోంది."

రెండు మధ్యాహ్నాలు ఆ ఖాళీతో కుస్తీ పట్టాడు. క్లారినెట్లతో ఒక స్వరం సాగదీశాడు, కీచుమంది. బూరలతో మెల్లగా పట్టాడు, మంచుకాలంలో ఓడ కూసినట్టుంది. విసుగొచ్చి హాలు బొత్తం మళ్ళీ నొక్కాడు. అంతా వెంటనే అందంగా అయిపోయింది. కీబోర్డు కిందికి విసిరేద్దామనిపించింది. ఇంకా వాయిదాలు కట్టడం అయిపోలేదు కాబట్టి విసరలేదు.

శనివారం పొద్దున ఫ్యాక్టరీలో తొట్ల మధ్య నడవాలో పాట కూనిరాగం తీస్తూ నడిచి చూశాడు, వరసలో నడిచినట్టే, ఎడమకి, కుడికి ఊగుతూ. పక్క తొట్టి మనిషి అరిచాడు.

"ఏంటి వోరో, చిక్కుడుకూర పడలేదా?"

వోరో పాట పైకి తీసుకెళ్ళి ఆపాడు. ఆపినా కాళ్ళు ఆగలేదు. తడి నేల మీద అతని రబ్బరు బూట్లు మెత్తగా తప్, తప్ అంటూ పడ్డాయి. క్లారినెట్ వచ్చే చోటికి ఆ చప్పుడే అతన్ని తీసుకెళ్ళింది. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచాడు. ఈసారి బలవంతంగా కాళ్ళు ఆపాడు, తూలిపోయి తొట్టి అంచు పట్టుకున్నాడు. మళ్ళీ నడిచాడు. తప్, తప్.

రఫేల్ చెప్పిందే. ఒక్క ముక్క తేడా లేకుండా రఫేల్ చెప్పిందే. వోరోకి నీలం నీళ్ళున్న తొట్టిని తన్నాలనిపించింది. తన్నాడు కూడా. బొటనవేలు నొప్పెట్టింది.

కంప్యూటర్ తెరవకుండానే పెన్సిల్‌తో కాగితం మీద ఆ ఖాళీలో డోలు దెబ్బలు రాసి ఎంపార్‌కి ఇచ్చాడు. ఆమె చూసింది. నవ్వు ఆపుకుంటున్నట్టు కనపడింది.

"రఫేల్‌కి చెప్పు, వాయించమని" అన్నాడు.

"తాళాలు తప్ప ముట్టనంటున్నాడు. ఊళ్ళో అందరికీ చెప్పాడు. కర్ర నీ దగ్గరే ఉంది కదా మామా."

"నేను బొంబార్డినో మనిషిని."

"తెలుసు. డోలుకి పళ్ళు అక్కర్లేదు" అంది ఎంపార్. అనేశాక నాలిక కరుచుకుంది. వోరో పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, యూనిఫాం ఇంకా పడుతుందో లేదో రెమెయ్‌ని అడగాలి అన్నాడు.

పట్టింది, ఊపిరి బిగబడితే. ఆదివారం మైదానంలో వరస చెదరలేదు. కెలో సరేనన్నాడు.

ప్రవేశం రోజు వీధి పెనంలా కాలుతోంది. బాల్కనీలనిండా జనం, దుప్పట్లు వేలాడదీశారు, మడత కుర్చీలు రెండు పక్కలా వరసగా. నీలిపాగాల పదకొండుమంది మూర్ల వేషానికి మొహాలకి మసి పూసుకుని, పట్టు అంగరఖాల్లో ఉడికిపోతున్నారు. ముందు కెలో, ఈసారి నిజం కత్తితో. వోరో డోలు పట్టీ మెడకి తగిలించుకున్నాడు. మొదటి మలుపు తిరిగేలోపే నడుము పట్టేసింది. ఇంత బరువని ఇన్నేళ్ళూ రఫేల్ ఒక్కసారి కూడా చెప్పలేదే అనుకున్నాడు. రఫేల్ పక్కనే తాళాలు పట్టుకుని హాయిగా నడుస్తున్నాడు, అటు చూడకుండా.

'నాలుగో తొట్టి' మొదలైంది. జనం ఈలలు, అరుపులు, ఎక్కడో టపాకాయలు. తను కట్టిన హార్న్‌లు వోరోకే వినపడలేదు. హార్న్‌లలో ఆలస్యంగా వచ్చేవాడు ఈరోజూ ఆలస్యంగానే వచ్చాడు. పాట పైకి లేచింది. ఆగింది.

వోరో కొట్టాడు. మెత్తగా, తడి నేల మీద బూటులా. ఇంకోటి. ఎదురుగా పదకొండు వీపులు ఎడమకి ఊగాయి, కుడికి ఊగాయి. ఇంకోటి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తూలలేదు. రెండు పక్కలా కుర్చీల్లో అరుపులు ఎందుకో సన్నగిల్లాయి. చివరి దెబ్బ మీదికి ఒంటరి క్లారినెట్ వచ్చి నిలబడింది. వరస ముందుకి పోతూనే ఉంది.

చౌరస్తా దాటాక మార్చ్ అయిపోయి అందరూ చేతులు విడిపించుకుని నీళ్ళ సీసాల మీద పడ్డారు. కెలో మసి కారుతున్న మొహంతో వచ్చి వోరోని డోలుతో సహా కావలించుకున్నాడు.

"ఆ ఆగే చోట డోలు పడిందే, వీపు జలదరించిందిరా. మొదట్లో లేదది, ఆదివారం అడగడం మరిచాను. ఎవరి ఆలోచన?"

"నాది" అన్నాడు రఫేల్, తాళాలు చంకలో పెట్టుకుంటూ.

వోరో డోలు పట్టీ సర్దుకున్నాడు.

రెమెయ్ మడత కుర్చీ చంకన పెట్టుకుని జనంలోంచి వచ్చింది. "బాగుంది" అంది. "డుమ్ డుమ్ అన్న చోట చాలా బాగుంది. మిగతాది గోలలో ఏం వినపడలేదు."

"మిగతాదే నేను నాలుగేళ్ళు రాసింది."

"మరి గోలగా ఉంటే నేనేం చెయ్యను?" అంటూ అతని గుప్పిట్లో వలిచిన వేరుశెనగలు పోసింది. ఈసారి తిన్నాడు, మెల్లగా, పక్కపళ్ళతో.

పట్టీ మెడలోంచి తీసి, కర్ర రఫేల్ వైపు చాచాడు. రఫేల్ తీసుకోలేదు.

"తాళాలే హాయిగా ఉన్నాయి నాకు" అన్నాడు. "శుక్రవారం ప్రాక్టీసుకి నువ్వే మోసుకురా. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు."

వోరో ఏదో తిట్టబోయాడు. వెనక ఇంకో దండు వచ్చేస్తోంది, దారి వదలాలి. కర్ర నడుం పట్టీలో దోపుకుని, డోలు మళ్ళీ మెడకి తగిలించుకుని, గొణుక్కుంటూ బ్యాండు హాలు వైపు నడిచాడు.